తడాలా ఫోటో, ఎనెలెస్ జడ

ఎనెలెస్‌కి నలభై ఆరేళ్లు. జడలు అల్లేటప్పుడు దువ్వెన పళ్ల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఒక ఫుట్‌పాత్ మీద ఆమెకి రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పెద్ద గొడుగు ఉన్నాయి. ఆ సోమవారం ఆమె ముందు తడాలా కూర్చుంది. ఇద్దరిదీ మలావీ దేశమే.

"మొత్తం తీసెయ్ అత్తా. నున్నగా," అంది తడాలా.

పాస్‌పోర్టు ఫోటోలో ఆమెది ఆడపిల్లల్ని జుట్టు పెంచనివ్వని బడినాటి బోడితల. ఇప్పుడు జడలు నడుం దాకా ఉన్నాయి. పొద్దున చదువు పర్మిట్ పొడిగించే కిటికీ దగ్గర అధికారి ఫోటోనీ ఆమెనీ మార్చి మార్చి చూసి, "ఇది నువ్వు కాదు. నువ్వింకా బాగున్నావు," అని నవ్వి కాగితాలు వెనక్కి తోశాడు. శుక్రవారంతో పర్మిట్ అయిపోతుంది. అది లేకపోతే చివరి ఏడాదిలో చేర్చుకోరు. ల్యాబులో వారానికి ఇరవై గంటల పనీ పోతుంది.

ఎనెలెస్ కత్తెర తియ్యలేదు. "నా పర్మిట్ సంగతి చెప్పానా నీకు?"

"ఇవాళ ఇంకా చెప్పలేదక్కా," అంది పక్క కుర్చీ దగ్గర అల్లుతున్న సెకై.

"నువ్వూరుకో. నేను నర్సు చదువుకని ఇక్కడికి వచ్చిన కొత్త. పొద్దున్నే వెళ్లి లైన్లో అందరికంటే ముందు నిలబడ్డాను, అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లైను కదలదు, ఇక్కడేమో గిరాకీ. నా జడ కొస ఆ గేటుకి ముడేసి, అల్లుకుంటూ అల్లుకుంటూ ఇక్కడిదాకా వచ్చేశాను."

"మూడు కిలోమీటర్లు," అంది సెకై.

"నాలుగు. మధ్యలో రెండు సిగ్నళ్లు. లైను అడుగు కదిలితే జడ ఒకసారి గుంజేది, నేనిక్కడ కుర్చీ అడుగు జరుపుకునేదాన్ని. మధ్యాహ్నానికి మన ఆడపిల్లలు నలభై మంది ఆ జడ పట్టుకుని లైన్లో చేరారు. ఎవరో బట్టలు కూడా ఆరేశారు. నా వంతు రాగానే అటు గట్టిగా గుంజారు, నేనూ గుంజాను. ఆఫీసు ఊడొచ్చింది. కిటికీ, బల్ల, అధికారి, అన్నీ ఈ గొడుగు కిందికి. 'ముద్ర ఎక్కడ వెయ్యమంటారమ్మా' అన్నాడు. 'ముందు ఆ ఇకిలింపు ఆపి వెయ్యి' అన్నాను."

తడాలా పొద్దుటినుంచి మొదటిసారి నవ్వింది. "ఆ పర్మిట్ ఒకసారి చూపించత్తా. చూస్తే ధైర్యంగా ఉంటుంది."

ఎనెలెస్ చేతులు ఆగాయి.

"అక్కకి పర్మిట్ లేదమ్మా," అంది సెకై, మెల్లగా. "ఇరవై రెండేళ్ల కిందట ఆ కిటికీలోంచి ఇలాంటి మాటే విని వచ్చేసింది. చదువు అక్కడే ఆగింది. అప్పట్నుంచి ఆ వీధిలోంచి కూడా నడవదు."

ఎనెలెస్ నోట్లోంచి దువ్వెన తీసి, తడాలా జడలు సర్ది వెనక్కి వేసింది. "జుట్టు తియ్యను పో. రేపు నేనొస్తాను."

ఆ గేటు దగ్గర పోలీసులు కాగితాలు అడుగుతారు, లేనివాళ్లని పట్టుకుపోతారు. మర్నాడు ఎనెలెస్ ఆ గేటు దాటింది. కిటికీ దగ్గర తడాలా వెనక నిలబడి, జడలన్నీ రెండు చేతులతో వెనక్కి లాగి, ఫోటోలోని మొహమే కనబడేలా తలకి అదిమి పట్టుకుంది. దువ్వెన పళ్ల మధ్యే ఉంది. ముద్ర పడేదాకా చేతులు తియ్యలేదు.