వేరే అమ్మాయి ఎవరన్న విషయంలో

నా పేరు బండారి కౌముది. తండ్రి శ్రావణ్. వయసు పదహారేళ్ళు. తార్నాకలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో అమ్మానాన్నలతో, మా నాయనమ్మ బుచ్చవ్వతో ఉంటాను. వృత్తి ఏమిటని అడిగితే రచయిత్రినని చెప్పాను. హెడ్ కానిస్టేబుల్ చంద్రయ్య గారు ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థిని అని రాసుకున్నారు. మైనరును కాబట్టి మా నాయనమ్మ పక్కన కూర్చోగా ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. మధ్యలో ఆమె ఏమైనా అంటే ఆ మాటలు నావి కావు.

రెండో పార్టీ పేరు గ్లోరీ. ఆమెదీ నా వయసే, నా కాలేజీయే. మా పక్క ఫ్లాట్. వాళ్ళ అమ్మ విజయకుమారి ఆంటీ స్కూల్లో టీచరు. వాళ్ళది తెనాలి వైపు, మాది జనగామ వైపు. గ్లోరీ ప్రస్తుతం ఎదురు బెంచీ మీద కూర్చుని నన్ను చూడకుండా నన్నే చూస్తోంది.

యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక పుస్తకాల పోటీ పెట్టారు. ఏడేళ్ళలోపు పిల్లలకు పదహారు పేజీల బొమ్మల పుస్తకం చేయాలి, విషయం మనలోని వైవిధ్యం. ఇద్దరు కలిసి చేయాలి, ఒకరు రాయాలి, ఒకరు బొమ్మలు వేయాలి. ఈరోజు శనివారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా అక్కడి హాల్లో ఇవ్వాలి. కథ నేను రెండు రోజుల్లో రాశాను. బొమ్మలు గ్లోరీ మూడు వారాలు వేసింది. అన్నీ పూర్తయ్యేదాకా చూడొద్దని అంది, నేను ఒప్పుకున్నాను. గొడవంతా అక్కడే మొదలైంది.

నా కథ ఇది. అనగనగా ఒక మామూలు అమ్మాయి. ఒకరోజు పక్కింట్లోకి ఒక వేరే అమ్మాయి వచ్చింది. వేరే అమ్మాయి ఆదివారం చర్చికి వెళ్తుంది. అందరినీ అండీ అంటుంది. పొద్దున్నే నిన్నటి చేపల పులుసుతో అన్నం తింటుంది. మొదట మామూలు అమ్మాయి బెదురుతుంది, చివరికి పెద్ద మనసు చేసుకుని వేరే అమ్మాయితో స్నేహం చేస్తుంది. చాలా మంచి కథ. చంద్రయ్య గారు కూడా తల ఊపారు.

నిన్న శుక్రవారం సాయంత్రం ఆరింటికి గ్లోరీ వాళ్ళింట్లో బొమ్మలు చూశాను. మామూలు అమ్మాయికి ఉంగరాల జుట్టు, గుండ్రటి కళ్ళద్దాలు ఉన్నాయి. వేరే అమ్మాయికి నూనె పెట్టిన రెండు జడలు, ముందు పళ్ళ మధ్య సందు. ఆ సందు ఎవరిదో మా వీధిలో అందరికీ తెలుసు.

"ఏందే ఇది? మామూలు అమ్మాయికి నీ జుట్టు పెట్టినవ్?" అన్నాను.

"మామూలు అమ్మాయంటే నేనే అనుకున్నా."

"వేరే అమ్మాయి చర్చికి పోతదని రాసిన గద!"

"అది మార్చేశా. బతుకమ్మకి వెళ్తున్నట్టు వేశా. చర్చికి అందరూ వెళ్తారు కదే."

"అందరు యాడ పోతరే?"

"మా ఇంట్లో అందరూ."

మా అరుపులకు మా నాయనమ్మ వచ్చింది. బొమ్మ చూసి, "మనం వేరేనా? గీ నేల మీద పుట్టినోళ్ళం మనం. వచ్చినోళ్ళు వాళ్ళు" అంది. విజయకుమారి ఆంటీ చేతిలో గరిటెతోనే బయటికి వచ్చారు. "అలా అనకండి పిన్నిగారూ. మేం ఈ ఫ్లాట్‌లో దిగి పద్దెనిమిదేళ్ళండీ. మీరు దిగింది మా గ్లోరీ యూకేజీలో ఉండగా" అన్నారు. "జనగామ కెల్లి తార్నాకకు వస్తె వచ్చినట్టా విజయమ్మా? ఇంట్లకెల్లి వాకిట్లకు వచ్చినట్టు" అంది మా నాయనమ్మ. తరువాత ఎవరి తలుపులు వాళ్ళు గట్టిగా వేసుకున్నారు. పావుగంటకు ఆంటీ తలుపు కొట్టి మా గిన్నె ఇచ్చారు. మేము సర్వపిండి పంపిన గిన్నె అది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు కాబట్టి నిండా చేపల పులుసు పోసి, మొహం అటు తిప్పుకుని ఇచ్చారు. మా నాయనమ్మ పులుపు ఎక్కువైందని తిడుతూ మొత్తం తినేసింది.

ఈరోజు ఉదయం ఏడింటికి వాళ్ళింటికి వెళ్ళాను. గ్లోరీ స్నానానికి వెళ్ళింది. "ఇచ్చొస్తా ఆంటీ" అని బొమ్మల ఫోల్డరు తీసుకున్నాను. ఎక్కడ ఇస్తానో, ఎప్పుడు ఇస్తానో ఆంటీ అడగలేదు, నేను చెప్పలేదు. ఆటోలో యూనివర్సిటీ క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఇక్కడ మెట్ల మీద పడిన ఎండను ఆరు వాక్యాల్లో వర్ణించాను. చంద్రయ్య గారు కేసుకు అవసరం లేదన్నారు.

ఇద్దరమ్మాయిల తలలు అటుదిటు మార్చాలన్నది నా ఉద్దేశం. నల్ల రంగు, కుంచె తీసుకెళ్ళాను. నాకు బొమ్మలు వేయడం రాదు. మొదటి పేజీలో రెండు జడల మీద ఉంగరాల జుట్టు వేయబోతే అది హెల్మెట్ అయింది. హెల్మెట్‌ను సరిచేయబోతే ఇంకా పెద్ద హెల్మెట్ అయింది. అప్పుడు గ్లోరీ వచ్చింది, ఇచ్చొస్తానన్న మాట ఆంటీ చెప్పగానే క్యాంపస్‌కే వెళ్ళి ఉంటానని ఊహించిందట. తల తడిగా ఉంది, కాళ్ళకు రెండు వేర్వేరు చెప్పులు ఉన్నాయి.

ఆమె ఫోల్డరు లాగింది. నేను వదల్లేదు. తాడు తెగి పేజీలన్నీ మెట్ల మీద పడ్డాయి. వాకింగ్‌కు వచ్చినవాళ్ళు ఏరి ఇచ్చారు. ఒక పెద్దాయన ఏడో పేజీ నిలబడి చదివి, "మంచిగున్నదమ్మా, తర్వాత ఏమైతది?" అని అడిగారు. మేమిద్దరం ఆయన చేతిలోంచి పేజీ లాక్కున్నాం. అందుకు ఇప్పుడు బాధగా ఉంది.

గ్లోరీ పోలీసులకు ఫోన్ చేస్తానంది. ఆమె ఫోన్‌లో చార్జింగ్ లేదు. "నీ ఫోన్ ఇవ్వు" అంది. లాక్ తీసి ఇచ్చాను. ఆమె వందకు ఫోన్ చేసి, కౌముది నా బొమ్మలు దొంగిలించి పాడుచేసిందని చెప్పింది. ఫోన్ నాకిచ్చాక నేనూ వందకు చేసి, గ్లోరీ నా కథను తలకిందులు చేసిందని చెప్పాను. ఒకే నంబరు నుంచి ఇద్దరు ఒకరి మీద ఒకరు కంప్లైంటు ఇచ్చేసరికి బండి వచ్చి మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది. ఫోన్ ఎందుకిచ్చావని చంద్రయ్య గారు మూడుసార్లు అడిగారు. ఆమె ఫోన్‌లో చార్జింగ్ లేదు సార్ అని మూడుసార్లు చెప్పాను. ఇందులో అర్థం కానిది ఏముందో నాకు తెలియదు.

ఇప్పుడు పదకొండు కావస్తోంది. ఫోల్డరు చంద్రయ్య గారి బల్ల మీద ఉంది. తగాదా తేలేదాకా ఇవ్వరట. పన్నెండు దాటితే పుస్తకం పోయినట్టే.

చంద్రయ్య గారు ఫోల్డరులో ఏమున్నదో రాసుకోవడానికి పేజీలు తిప్పారు. నాలుగో పేజీ దగ్గర ఆగారు. అందులో వేరే అమ్మాయి మెట్ల మీద ఎర్ర బకెట్‌ను కావలించుకుని ఏడుస్తోంది. "గీ బకీటు కథల లేదు గదమ్మా?" అని నన్ను అడిగారు. నన్ను వెక్కిరించడానికే వేసిందని చెప్పాను.

గ్లోరీ బెంచీ మీద నుంచి లేచింది. "వెక్కిరింపు కాదండీ. వాళ్ళు దిగిన రోజు కౌముది అలాగే నిలబడింది. పేరడిగితే ఏడ్చింది. మా అమ్మ లోపలికి తీసుకొచ్చి అన్నం పెడితే బకెట్ ఒళ్ళో పెట్టుకునే తింది" అంది.

"అవ్ సార్. నేనే వట్టుకోమన్న" అంది మా నాయనమ్మ.

నీకేమైనా జ్ఞాపకముందా అని చంద్రయ్య గారు నన్ను అడిగారు. ఒక చిన్న అమ్మాయి మెట్ల మీద నిలబడి ఉంది అని మొదలుపెట్టాను. ఆయన పెన్ను ఆపారు. "ఒక అమ్మాయి ఎవరమ్మా? ఇది వాంగ్మూలం. నేను అని చెప్పాలె" అన్నారు.

నేను మెట్ల మీద నిలబడ్డాను. నాకు ఐదేళ్ళు. తలుపులన్నీ ఒకే రంగులో ఉన్నాయి, మాది ఏదో తెలియలేదు. బకెట్ కింద పెడితే నన్ను అక్కడే వదిలేసి పోతారని భయమేసింది. అక్కడ అందరూ ఒకరికొకరు తెలుసు, నేనే ఎవరికీ తెలియదు. కళ్ళద్దాలమ్మాయి ఒకతి వచ్చి పేరడిగింది. పెద్ద మనసు చేసుకున్నది ఆమె. కథ రాసేటప్పుడు నా చోట ఆమెను నిలబెట్టాను. నాకు సిగ్గుగా ఉంది.

కాబట్టి గ్లోరీ మీద ఇచ్చిన కంప్లైంటు వెనక్కి తీసుకుంటున్నాను. నా మీద గ్లోరీ ఇచ్చిన కంప్లైంటు మాత్రం అలాగే ఉంచాలని కోరుతున్నాను. అది నిజం.

అలా ఉంచితే ఫోల్డరు సాక్ష్యం కింద స్టేషన్‌లోనే ఉంటుందని చంద్రయ్య గారు చెప్పారు. గ్లోరీ "వాపస్ సార్, వాపస్!" అని అరిచి, ఫోల్డరు తీసుకుని, ఆయన బల్ల మీదే మొదటి పేజీ హెల్మెట్‌ను గోకడం మొదలుపెట్టింది. నన్ను నీళ్ళు పట్టుకోమంది. ఒక చేత్తో గ్లాసు పట్టుకుని మిగతాది చెబుతున్నాను.

ఇదంతా ఉన్నది ఉన్నట్టు, నా అంతట నేనే చెప్పాను. నన్నెవరూ బెదిరించలేదు. మా నాయనమ్మ రెండుసార్లు గిల్లింది, అది బెదిరింపు కిందికి రాదన్నారు. చదివి వినిపించారు, విన్నాను. త్వరగా సంతకం పెట్టనిస్తే పన్నెండులోపు వెళ్తాము.

(సంతకం) బి. కౌముది
(పక్కనున్న పెద్ద) బుచ్చవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర
(సాక్షి) గ్లోరీ, పక్కిల్లు