ఆకుపచ్చ సింహాలు

ఫిల్మ్ మీద బొమ్మ అచ్చువేసి చొక్కాలకు అతికించే చిన్న దుకాణం అది. దుకాణం నడిపే ఆమె, ముసలి మెకానిక్కు ప్రింటరు ముందు నిలబడి ఉన్నారు.

“బాబాయ్, పసుపు సింహం వెయ్యమంటే ఇది ఆకుపచ్చ సింహం వేస్తోంది. సాయంత్రం ఐదింటికి పిల్లల ఆట. ముప్పై చొక్కాలు.”

“గడ్డి తినుంటుంది అమ్మాయ్.”

“నీకు నవ్వులాటగా ఉంది. బొమ్మ చూసి, మావాళ్ళని కప్పల జట్టంటారని వాళ్ళ మాస్టారు ఏడ్చినంత పని చేశాడు.”

“ఉండు చూడనీ. పసుపులో నీలం కలుస్తోంది. అవునుగానీ, బల్ల కింద ఉండాల్సిన సిరా డబ్బాలు అటకెందుకెక్కాయి?”

“నువ్వు చెప్పబట్టే.”

“నేనా?”

“పోయినసారి చెప్పలేదూ? మీ తాత ఊరి బావిని గుట్ట మీదికి మోయించాడని, అప్పట్నుంచి నీళ్ళు తోడకుండానే చేలోకి పారాయని. సిరా కూడా అలాగే సులువుగా దిగుతుందనుకున్నా.”

“అది కోత తల్లీ. బావిని ఎవడైనా మోస్తాడా? పైనుంచి సిరా తోసుకొచ్చి, రంగులన్నీ బొమ్మ మీద సిరా చిమ్మే హెడ్డు కింద కారి ఒకదాంట్లో ఒకటి దూరాయి. ముందు డబ్బాలు దించు. నేను హెడ్డు తుడిచి, చెడిన సిరా పోయేదాకా కడుగుతా.”

“నీ మాటల్లో ఏది పనో, ఏది కోతో నాకెలా తెలిసేది?”

“ఇకమీదట కోత కోసేటప్పుడు మీసం దువ్వుతాలే. గుర్తుపెట్టుకో.”

“పెట్టుకున్నా. ఐదింటికల్లా సింహాలు పసుపుగా వస్తాయా?”

“నాలుగింటికే వస్తాయి.”

“బాబాయ్, ముందు ఆ చెయ్యి మీసం మీంచి తియ్యి.”