పెళ్లివారి విమానాన్ని దారి మళ్లించిన మా మబ్బులక్కయ్య గారికి

పందొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం జూలై ఎనిమిదవ తేదీ, సోమవారం ఉదయం, కుండపోతగా వాన కురుస్తున్న వేళ, మన విమానాశ్రయ వాతావరణ విభాగంలో ఒక యువతి పరిశీలకురాలిగా ఉద్యోగంలో చేరారు. తల మొదలు పాదాల దాకా తడిసి ముద్దయి ఉన్నా, నియామక పత్రాన్ని మాత్రం ఎక్కడ దాచుకున్నారో గాని, పొడిపొడిగా తీసి బల్లమీద పెట్టారట. "వానొస్తుందో రాదో చెప్పే ఉద్యోగానికి గొడుగు లేకుండా వచ్చావేమ్మా?" అని అప్పటి పెద్దాఫీసరు గారు అడిగితే, "ఇంకా చేరలేదు కదండీ, చేరాక చెబుతాను" అన్నారట. మేమందరం మబ్బులక్కయ్య అని ఆప్యాయంగా పిలుచుకునే మా వాతావరణ విభాగాధిపతి గారి సుదీర్ఘ సేవాప్రస్థానం ఆ విధంగా ఆరంభమైంది.

ఈ పదవీ విరమణ ప్రత్యేక సంచికలో వారిని గురించి రాసే గౌరవం నాకు దక్కిందని తెలిసి మా టవరులో కొందరు నవ్వారు. అందుకు కారణం లేకపోలేదు. విమానాలకు దారి చెప్పే మేము పైన టవరులోనూ, ఆకాశం సంగతి చెప్పే వారు కింది అంతస్తులోనూ కూర్చుంటాము. "ఇంకెంతసేపండీ?" అని పైనుంచి మేము ఫోనులో వేధించడం, "తెలిసినప్పుడు చెబుతాను" అని కిందినుంచి వారు బదులివ్వడం అత్తాకోడళ్ల వ్యవహారంలా ఇరవయ్యేళ్లుగా సాగుతూనే ఉంది. అందులో అత్త ఎవరో, కోడలెవరో ఈనాటికీ తేలలేదు. అయినా వారి మాటమీద నాకున్నంత నమ్మకం మా ఇంటి గోడ గడియారం మీద కూడా లేదు.

తొలి సంవత్సరాలలో వారి విధులు పైకి చిన్నవిగానే కనిపించేవి. పచ్చిక నడుమ నిలబెట్టిన తెల్లటి పెట్టెలోని ఉష్ణమాపకాన్ని చదవడం, గాలి దిక్కునూ వేగాన్నీ నమోదు చేయడం, వాయుపీడనాన్ని కొలవడం, బెలూను వదిలి పైగాలుల పోకడను గుర్తించడం ఆ రోజుల్లో వారి దినచర్య. కాని విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. ఎదురుగాలి రెక్కకు బలమిస్తుంది, వెనకగాలి రన్‌వేను తినేస్తుంది. పైలట్ ముందు ఎత్తును చూపించే ముల్లు నిజానికి కొలిచేది గాలి ఒత్తిడినే కనుక, కింద కూర్చున్నవారు ఆ అంకెను ఎక్కువ చేసి చెబితే, పైనున్నవారు తాము ఉన్నదానికన్నా ఎత్తులో ఉన్నామని భ్రమపడతారు. ఈ సంగతి ఎరిగిన అక్కయ్యగారు ప్రతి అంకెనూ రెండుసార్లు చదివి ఒకసారి చెప్పేవారు. ఒకసారి చదివి రెండుసార్లు చెప్పే కొత్తవారికి వారి చేతిలో తలంటు తప్పేది కాదు.

రెండువేల రెండో సంవత్సరంలో పదోన్నతి పొంది, రాబోయే వాతావరణాన్ని ముందుగా సూచించే అధికారిణి అయ్యాక, వారు తమ గదిలో ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. రావలసిన విమానాల వివరాలు చూపే బోర్డును కుర్చీ ఎదురుగా ఉన్న గోడనుంచి తీయించి వెనక గోడకు పెట్టించారు. ముందు బయటికి వెళ్లి ఆకాశం చూడాలి, తరువాత పరికరాలు చూడాలి, సూచన సిద్ధం చేయాలి, ఆ పిమ్మటే వెనక్కి తిరిగి బోర్డు చూడాలి. "ఎవరొస్తున్నారో ముందే తెలిస్తే మనకి మొహమాటం వస్తుంది. మంచుకి మొహమాటం ఉండదు" అనేవారు. శిక్షణలో ఉన్న పైలట్లకు పాఠం చెబుతూ, ఆకాశంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఏమిటని అడిగితే, పిల్లలు ఉరుముల మేఘమనీ, ఈదురుగాలి అనీ చెప్పేవారు. "కాదు, త్వరగా ఇంటికెళ్లిపోదామన్న తొందర" అని వారు దిద్దేవారు. ఆ పాఠాన్ని తమ ఇంటి పెళ్లినాడే తమకు తామే అప్పజెప్పుకోవలసి వస్తుందని వారూ అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

వారి పెద్దమ్మాయి వివాహం ఒక చలికాలపు సాయంత్రానికి నిశ్చయమైంది. పెళ్లికొడుకు, ఆయన తల్లిగారు, దగ్గరి బంధువులు ఆనాటి ఉదయపు విమానంలో రావలసి ఉంది. పొగమంచు రోజులు, పైగా సిబ్బంది తక్కువ. "పొద్దున డ్యూటీ చూసుకుని మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాను" అని ఇంట్లో చెప్పి అక్కయ్యగారు విధులకు హాజరయ్యారు. పెళ్లికూతురి తల్లి పెళ్లిరోజున ఆఫీసుకు వెళ్లడమేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. లెక్కల మాస్టారైన వారి భర్తగారు మాత్రం, "వెళ్లనివ్వండి, ఇంట్లో ఉంటే మనందరి ప్రాణం తీస్తుంది" అన్నారట.

ఆ ఉదయం మంచు రెండంతస్తుల ఎత్తున, పల్చటి పొరలా రన్‌వే మీద పరుచుకుంది. దానిపైన ఆకాశం నిర్మలంగా ఉంది, ఎండ కూడా వచ్చింది. విమానం మా నెత్తిమీద చుట్టు తిరుగుతోంది. "రన్‌వే మొత్తం కనిపిస్తోందండీ, లైట్లతో సహా" అని కెప్టెను రేడియోలో నాతో అన్నారు. మా టవరు తల మంచుకు పైనే ఉన్నా, ఏటవాలుగా చూసే నాకు రన్‌వే ఆనవాలు కూడా లేదు.

తిరకాసంతా అక్కడే ఉంది. పల్చటి మంచును పైనుంచి నిట్టనిలువుగా చూస్తే అడుగున ఉన్నది కనిపిస్తుంది. కాని విమానం నిలువుగా దిగదు, దూరం నుంచి వాలుగా వస్తుంది. ఆ వాలుచూపు అదే మంచును పొడవునా దాటుకుని రావాలి. నెత్తిమీదినుంచి అంత స్పష్టంగా కనిపించిన రన్‌వే, సరిగ్గా చక్రాలు నేలను తాకబోయే ముందు మాయమవుతుంది. పక్క నగరపు విమానాశ్రయానికి చేరడానికి కావలసిన ఇంధనం పోగా, కెప్టెను ఇంకో ఇరవై నిమిషాలు మాత్రమే తిరగగలరు. ఆపైన ఇక్కడే ఆగితే ఆ దారి మూసుకుపోతుంది, మంచు విడినా విడకపోయినా ఇక్కడే దిగాలి. నిర్ణయం కెప్టెనుదే అయినా, దానికి ఆధారం కింది అంతస్తునుంచి వచ్చే మాట.

నేను వాతావరణ విభాగానికి ఫోను చేసి పట్టుకునే ఉన్నాను కనుక అక్కడి సంభాషణ అంతా నాకు వినిపిస్తోంది. విమాన సంస్థ మేనేజరుగారు పరుగున ఆ గదిలోకి వచ్చారు.

"మేడమ్, ఎండ వచ్చేసింది. ఇరవై నిమిషాల్లో విడిపోతుందని చెప్పెయ్యండి, ఆగుతారు."

"ఎండొస్తే అడుగున గాలి కదులుతుందండీ. కదిలితే మంచు ముందు చిక్కబడుతుంది, ఆ తర్వాతే విడుతుంది. ముప్పావు గంట పడుతుంది."

"అందులో మీ అల్లుడుగారు ఉన్నారటగా. అక్కడ దిగి రోడ్డుమీద రావాలంటే ఏ రాత్రవుతుందో. పెళ్లి ఆగిపోతుంది మేడమ్, ఆలోచించుకోండి."

ఆనాడు వారు వెనక్కి తిరిగి బోర్డు చూడవలసిన అవసరం లేదు, అందులో ఏ విమానం ఉందో పొద్దుటినుంచీ తెలుసు.

"తెలుసండీ. అందుకే నా మాటమీద నాకే అనుమానంగా ఉంది" అన్నారు అక్కయ్యగారు. పరికరాల గదిలో ఉన్న ఉపాధికారిగారిని పిలిచి, "నేనేం చెప్పానో మీరడగొద్దు. బయటికెళ్లి చూసి, ఎంతసేపు పడుతుందో మీరు చెప్పండి" అన్నారు. ఆయన వెళ్లి వచ్చేలోగా కెప్టెను నన్ను రెండుసార్లు అడిగారు. ఉపాధికారిగారు తిరిగి వచ్చి, "ముప్పావు గంటకి తక్కువ కాదండీ" అన్నారు. ఆ మాటే నేను కెప్టెనుకు చేరవేశాను. విమానం పక్క నగరానికి మళ్లింది.

అప్పుడు అలా ఎందుకు చేశారని తరువాత నేను అడిగాను. "అల్లుడిమీద ప్రేమ ఎక్కువైతే ముప్పావు గంట కాస్తా గంటన్నర అవుతుంది. పెళ్లిమీద ప్రేమ ఎక్కువైతే పావుగంటవుతుంది. నాకు రెండూ ఉన్నాయి. ఏ ప్రేమా లేని మనిషి ఒకరు కావాల్సి వచ్చారు" అన్నారు.

కబురు తెలిసి పెళ్లికూతురు ఫోను చేసిందట. "ఇవాళ డ్యూటీలో నువ్వు కాక ఇంకెవరైనా ఉంటే బాగుండేదమ్మా" అంటే, "ఎవరున్నా అదే చెప్పేవారు తల్లీ. చెప్పకపోతే ఇంటినుంచే ఫోన్‌చేసి తిట్టేదాన్ని" అన్నారట ఈమె. ఫోను పెట్టేశాక మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారని ఉపాధికారిగారు చెప్పారు.

దైవం వారిని ఇంకొంచెం ఆటపట్టించదలచింది. విమానం వెళ్లిపోయిన అరగంటకే మంచు విడిపోయి ఎండ విరగకాసింది. మేనేజరుగారు మళ్లీ వచ్చి, "చూశారా మేడమ్, అరగంటే పట్టింది" అన్నారు. "అవునండీ, పావుగంట తప్పాను. వాళ్లు దిగారా?" అని అడిగారు అక్కయ్యగారు. దిగారని ఆయన చెప్పగానే, "అయితే చాలు" అని ఊపిరి పీల్చుకుని, చేతిసంచి అందుకుని పెళ్లిపందిట్లోకి బయలుదేరారు.

సాయంత్రం మేము వెళ్లేసరికి పెళ్లికూతురు ముస్తాబై కూర్చుంది, అతిథులు గడియారాలు చూసుకుంటున్నారు, పెళ్లికొడుకు జాడ మాత్రం లేదు. విమానం మళ్లీ ఎప్పుడు లేస్తుందో తెలియక పెళ్లివారు ఎక్కిన బస్సు చీకటి పడే వేళకు వాకిట్లో ఆగింది. అందరికన్నా ముందు పెళ్లికొడుకు దిగాడు. నలిగిన చొక్కాతో, చెదిరిన జుట్టుతో దిగిన ఆ అబ్బాయిని చూసి పందిరి మొత్తానికి ప్రాణం లేచివచ్చింది. ఆ వెనకే వియ్యపురాలు గారు దిగి నేరుగా అక్కయ్యగారి ముందుకు వచ్చారు.

"మీ ఎయిర్‌పోర్టు నా ఈ కళ్లతో చూశాను వదినగారూ. రన్‌వే చూశాను. మీ జీపు కూడా కనిపించింది. అంత బాగా కనిపిస్తుంటే మమ్మల్ని ఊళ్లు పట్టుకు తిప్పుతారా?"

అక్కయ్యగారు ఆవిడ చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకువెళ్లారు. పల్చటి తెల్లటి తెర వేలాడుతోంది. "దీన్లోంచి ఎదురుగా చూడండి వదినగారూ." "వీధి కనిపిస్తోంది, లైట్లు కనిపిస్తున్నాయి." "ఇప్పుడిలా గోడకి ఆనుకుని, తెర పక్కనుంచి పొడుగునా చూడండి." ఆవిడ గోడకు చెంప ఆనించి చూశారు. మడత వెనక మడత పడి, తెల్లదనం తప్ప మరేమీ కనిపించలేదు. "మీకు కనిపించింది మొదటిది. కెప్టెన్‌కి దిగేటప్పుడు కనిపించేది ఇది."

ఆవిడ కొడుకువైపు ఒకసారి చూసి, అక్కయ్యగారి చెయ్యి గట్టిగా పట్టుకుని, "పెళ్లి మొదలెట్టించండి వదినగారూ, పిల్లలు అలిసిపోయారు" అన్నారు. ఆ రాత్రి పెళ్లి నిర్విఘ్నంగా జరిగింది. మేనేజరుగారు రెండుసార్లు వడ్డించుకుని తిన్నారు.

అనంతరకాలంలో విభాగాధిపతిగా అత్యున్నత బాధ్యతలు స్వీకరించి, మనిషి అవసరం లేకుండా క్షణక్షణమూ గాలినీ తేమనూ కొలిచే కొత్త పరికరాలను నెలకొల్పింపజేసినవారు కూడా అక్కయ్యగారే. అయినా సూచన ఇచ్చే ముందు ఆరుబయట నిలబడి ఆకాశం చూసే అలవాటును వారు మానలేదు, తమ కింది వారిని మాననివ్వలేదు. ఇంటి విషయంలో మాత్రం వారి సూచనలు ఫలించిన దాఖలాలు తక్కువ. వారు "ఇవాళ వాన రాదు" అంటేనే మాస్టారుగారు ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చుకుంటారని వారి చిన్నమ్మాయి నాతో చెప్పింది. ఇకమీదట ఆ లోపాన్ని సరిదిద్దుకునే తీరిక వారికి పుష్కలంగా లభిస్తుంది.

ఈ సుదీర్ఘ సేవాకాలంలో వారి మాటమీద దారి మళ్లిన విమానాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కదానిలోనూ పెళ్లికి వెళ్లేవారు, పరీక్షకు వెళ్లేవారు, ఆసుపత్రిలో ఉన్న తండ్రిని చూడబోయేవారు ఉండే ఉంటారు. వేరే ఊళ్లో దిగి, బస్సులెక్కి, ఆకలితో నిద్రలేక, ఈ పని చేసినవారెవరో తెలియకుండానే వారిని నోరారా తిట్టుకుని ఉంటారు. అలా తిట్టుకుంటూనే ఒక్కొక్కరూ ఇంటికి చేరారు, ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. పెద్దల తిట్లు దీవెనలంటారు. క్షేమంగా ఇల్లు చేరినవారి తిట్లు అంతకన్నా పెద్ద దీవెనలని నేను మనసారా నమ్ముతున్నాను. ఆ తిట్లన్నీ ఆయుష్షుగా, ఆరోగ్యంగా, మనశ్శాంతిగా మారి, మా మబ్బులక్కయ్య గారు నిండు నూరేళ్లు మాస్టారుగారితో, బిడ్డలతో, మనుమలతో చల్లగా వర్ధిల్లాలని కోరుకుంటున్నాను.