హెడ్ చుట్టూ పూసిన గమ్ము

షెడ్డులో, లాక్కొచ్చిన నాలుగు చక్రాల పొలం బండి ఇంజిన్ విప్పి ఉంది; దాని పైమూత, హెడ్, పక్కన పెట్టి ఉంది. తమ్ముడు నేల మీద కూర్చుని బోల్టులు తుడుస్తున్నాడు. అక్క ఆసుపత్రి నుంచి నేరుగా అక్కడికే వచ్చింది.

"హెడ్ చుట్టూ ఈ గమ్ము ఎవరు పూశారు?"

"నేనే అక్కా. కూలెంట్ నీళ్ళు కారుతున్నాయని..."

"కారుతుంటే లోపల హెడ్ కింద ఉండే గాస్కెట్ రేకు మార్చాలి. పైపైన గమ్ము పూస్తే ఆగుతుందా?"

"కొన్నాళ్ళు నెట్టుకురావచ్చనుకున్నా. చెప్తే తిడతావని..."

"తిడితే అరిగిపోతావా? పాము కరిచిన మీ బావని ఎక్కించుకుని వస్తుంటే కొండ మీద ఇంజిన్ ఉడికిపోయి ఆగిపోయింది! ఆయన్ని భుజాన వేసుకుని రోడ్డు దాకా వచ్చాను. ఆయన పోయుంటే?"

"కొత్త గాస్కెట్ వేసేస్తానక్కా."

"వేస్తే ఆగుతుందా? నా మొహం చూసి చెప్పు."

"ఆగదు. వేడికి హెడ్డే వంగిపోయింది. లేతు షాపులో సాపు చేయించాలి."

"ఇలా ఉన్నది ఉన్నట్టు మొన్ననే చెప్పడానికి నోరు రాలేదా?"

"బావ ఏమన్నాడు?"

"కళ్ళు తెరవగానే, 'వాణ్ణేమీ అనకు' అన్నాడు. అందుకే నీ చెంప ఇంకా పగల్లేదు. లే, ఆ హెడ్ పట్టుకుని నడు."