తొక్కుడు చెక్క కింద

హలో… ఆ చెప్పు వదినా, సింధూజనే. ఇంకా ఫోన్ రాలేదేందని ఇప్పుడే చూస్తున్న…

తిన్న, తిన్న. గీ ఎండల జిరాక్సులకు ఎవరొస్తరు. సిద్దిపేట మొత్తం తలుపులేసుకొని పండుకున్నది. షాపుల నేను, కృప, ఫ్యాను, గంతే…

నువ్వు మగ్గంల కూసున్నవా? … ఆ, వినవడుతుంది సప్పుడు. అన్న ఏడి? … నూలు తేనీకి పోయిండా. మంచిగైంది. ఆయన ఇంట్ల ఉంటే మన కథ సాగనియ్యడు. దయ్యాల ముచ్చట్లు చెప్పి నా పెండ్లాన్ని ఖరాబ్ చేస్తున్నవని నన్నే అంటడు…

ఔ మరి, అడిగేది నువ్వే కద. చూడమంటే బుగులంటవు. చెప్తా అంటే చెవి కోసుకుంటవు…

సరె, విను. ఈ వారం మూడు సినిమాలు చూసిన. ముందుగాల చెత్తది చెప్త. దవాఖానల దయ్యం. చచ్చిపోయిన నర్సు రాత్రి డ్యూటీకి వస్తది. … వస్తది, సూది పట్టుకొనే వస్తది. … బుగులా? ఏం బుగులు వదినా, నవ్వొచ్చింది. అద్దం ముంగట నిలబడంగనే ధన్‌మని మ్యూజిక్. అల్మారి తెరవంగనే ధన్. పిల్లి దుంకినా ధన్. ఉలిక్కిపడుడు వేరే, బుగులుపడుడు వేరే. కుక్కర్ సీటీ కొట్టినా ఉలిక్కిపడత. అట్లని కుక్కర్‌ల దయ్యమున్నదా…

…ఆ, పాట గూడ ఉన్నది. నర్సే పాడుతది. పేషెంట్లు వెనుక ఎగురుతరు…

మంచిది రెండోది. సైన్సు సినిమా. చంద్రుని మీద ఆరుగురుంటరు, డబ్బా అసుంటి ఇంట్ల. ఆడ నీడలు ఆలస్యంగ కదులుతయి. … నీడలే. నువ్వు చెయ్యి లేపినవనుకో, ఒక్క క్షణం ఆగి నీ నీడ లేపుతది. ఇంతే. మ్యూజిక్ లేదు, నెత్తురు లేదు. ఒకనాడు ఒకామె తినుకుంట గోడ దిక్కు చూస్తది. ఈమె చెయ్యి పళ్లెం మీదనే ఉన్నది. గోడ మీద నీడ చెయ్యి మాత్రం అప్పటికే లేచింది…

నాకు గూడ అట్లనే అయింది. దుప్పటి ముక్కు దాంక గుంజుకున్న…

కాని చివరికి ఖరాబ్ చేసిన్రు. ఒక సైంటిస్టు వచ్చి అరగంట బోర్డు మీద గీసుకుంట చెప్తడు, నీడలెందుకు అట్లయినయో. బుగులును విప్పి సమజ్ చేసినంక ఇంకేముంటది. ఆ రాసినోళ్లకు చూసేటోళ్ల మీద నమ్మకం లేదు…

ఇగ మూడోది—

వదినా?

మగ్గం ఆగిందేంది. పోగు తెగిందా? …

హలో… వినవడుతున్ననా? … ఎందుకంత మెల్లగ మాట్లాడుతున్నవు. … ఏంది? … మళ్ల చెప్పు.

మగ్గం కింద కాళ్లు పెట్టే గుంతలనా. …

నీ కాళ్ల కాడ పామా. …

వదినా, కదలకు. ఏం చెయ్యకు, కదలకు. … ఎక్కడున్నదో సరింగ చెప్పు. … నీ కుడి మడిమె మీదికెళ్లి పోయింది. పోయి… కుడి తొక్కుడు చెక్క కింద చుట్టుకున్నది. తడి గోనె మీద…

నీ తప్పు కాదు. ఎండకు పోగులు తెగుతయని గుంతల తడి గోనె పరుస్తం. మా అవ్వ, నీ అత్త గూడ పరిచేది. దుబ్బాకల పరువని ఇల్లు ఏది. దానికి ఎండల సల్లటి జాగ దొరికింది, వచ్చింది… పడిగె చూసినవా? … చూసినవు. సరె. నాగుపామే అనుకుందాం.

కరిసిందా? … నిజం చెప్పు. … లేదు. మంచిది.

ఇగ నేను చెప్పేది ఔనో కాదో చెప్పు. నీ ఎడమకాలు ఎడమ చెక్కను కిందికి తొక్కి ఉన్నది. అందుకు కుడి చెక్క పైకి లేసి ఉన్నది. దాని మీద నీ కుడికాలు, దాని కింద పాము. … అంతే కద. అంటే ఎడమకాలు లేపినవో, కుడి చెక్క దిగుతది. దిగితే పాము మీదనే దిగుతది…

లేదు లేదు, లేపకు. తొక్కిపట్టే ఉండు.

వదినా, నువ్వు మాట్లాడితే నీ పాణమంత వణుకుతుంది. చెక్క కిర్రుమంటుంది, నాకు ఈడికి వినవస్తుంది. మాట బంద్ పెట్టు. నీ చెవుల వైరుకు మైకు ఉన్నది కద, దాని మీద గోరుతోని కొట్టు. ఒక్కటి కొడితే ఔ, రెండు కొడితే కాదు. సమజైందా? …

ఆ, ఒక్కటి. వినవడ్డది.

కృపా, నీ ఫోన్ తియ్యి. ముందు మా అన్నకు కొట్టు, నంబర్ గోడ మీద రాసి ఉన్నది, నరహరి అని. … తర్వాత చెప్త, కొట్టు.

వదినా, ఉన్న. ఎక్కడికి పోలేదు. దర్వాజ తీసే ఉన్నదా? … రెండు. గొళ్లెం పెట్టినవు. వడగాలని పెట్టినవా? … వెనుక దర్వాజ? … అది గూడ రెండే.

పక్కింటి పెంటవ్వకు చెప్పనా? … రెండు. ఔ, నిజమే, ఆమె ఒక్కతే రాదు, వాడకట్టంత వస్తది. దర్వాజ దబదబ బాదుతరు. నేల అదిరితే దానికి తెలుస్తది. పాముకు చెవులు లేకున్నా ఒళ్లంత చెవులే…

ఎత్తిండా? ఇటియ్యి కృపా. అన్నా, నేను సింధూజ. ఏం అడగకు, విను. ఇంట్ల మగ్గం గుంతల పాము ఉన్నది. వదిన కాళ్లు గుంతలనే ఉన్నయి. కరువలేదు. … అన్నా, అరువకు. నూలు ఆడనే పడేసి బయలెల్లు. పాములు పట్టే రాజేశ్ నంబర్ నీ తాన ఉన్నది కద, ముందు ఆయనకు చెయ్యి. … బండి వాడకట్టు మూలకే బంద్ చెయ్యి. చెప్పులిడిచి నడిచిరా. దర్వాజ ముట్టకు. … నేను మాట్లాడుతనే ఉన్న ఆమెతోని. పో.

కృపా, నువ్వు అంబులెన్సుకు చెప్పు. దుబ్బాక, మా వాడకట్టు పేరు చెప్పు, మూలకు నిలబెట్టుమను, హారన్ కొట్టద్దను.

వదినా. అన్న వస్తుండు. … ఒక్కటి. కాలు వణుకుతుందా? … ఒక్కటి. మస్తుగనా, జరనా— సారీ, అట్ల అడిగితే ఎట్ల కొడతవు. మస్తుగనా? … రెండు. సరె, జర వణుకుతుంది. అది కదిలిందా? … రెండు.

గుంత దిక్కు చూడకు. నీ ముంగట బట్ట చూడు. ఇప్పుడు నీకు మూడోది చెప్త. చెప్పనా? … నువ్వు రెండు కొట్టినా చెప్త. …

ఒకామె ఉంటది. వంటింట్ల కూసుంటది. కింద నేల మీద ఎండ ముక్క పడుతది, కిటికీకెల్లి. మనింట్ల పడ్డట్టే. కాని ఆ ఎండ మనది కాదు. ఇంకో సూర్యునిది. ఎట్ల వచ్చిందో ఎవరికీ తెల్వది. … చూసినవా, ఈళ్లు సమజ్ చెయ్యలేదు, అందుకే మంచి సినిమా. ఆ ఎండ ముక్కల ఏది కదిలితే అది మాయమైతది. చీమ నడిచింది, లేదు. గాలికి కాయిదం కదిలింది, లేదు. కదలకుంట ఉంటే ఏం కాదు. ఆ ఎండ మెల్లగ జరుగుకుంట వస్తది, వస్తది, ఆమె కాళ్ల మీదికి వచ్చి ఆగుతది.

ఆమె ఏం చేస్తది? … ఏం చెయ్యది. గంటన్నర సినిమా, ఏం చెయ్యది. అదే గొప్ప. సినిమాలల్ల సగం మందిని చంపేది దయ్యం కాదు వదినా, ఉరుకుడు. లేకుంటే కాపాడనీకి పేరు పెట్టి అరుసుకుంట వచ్చేటోడు. ఈమె కదలది. మనసుల పోగులు లెక్కపెట్టుకుంటది. అంచుల ఇన్ని పోగులు, కొంగుల ఇన్ని పోగులని…

రెండు? ఏంది రెండు. … అబద్ధమంటవా?

…అబద్ధమే. ఇప్పుడే కల్పించిన. చీర అంచు గురించి చెప్పి దొరికిపోయిన. … నవ్వకు, నవ్వకు, చెక్క కదులుతది. మూడోది చూసిన మాట నిజమే, కాని అందుల అందరు చస్తరు, అది ఇప్పుడెందుకు.

ఏమైంది? ఏదో సప్పుడైంది. … వదినా. … గోరు కొట్టు. …

వదినా, గోరు కొట్టు. …

ఆ. ఒక్కటి. పాము కదిలిందా? … ఒక్కటి. పైకి వచ్చిందా? … రెండు. జరిగి మళ్ల పండుకున్నదా? … ఒక్కటి. పండుకోనీ.

నేనెందుకు గీ సినిమాలు చూస్తనో నువ్వు మస్తుసార్లు అడిగినవు. అవ్వ దవాఖానల ఉన్న పన్నెండు రోజులు, బయట బెంచీ మీద కూసొని మొదలువెట్టిన. లోపలి బుగులుకు టైం లేకుండె. ఎప్పుడైపోతదో తెల్వది. ఫోన్ల బుగులు రెండు గంటలకు అయిపోయేది. … అంతే. ఎవరికీ చెప్పలేదు, అన్నకు గూడ చెప్పకు.

…ఆగు, అన్న ఫోన్. ఎక్కడున్నవు అన్నా? మూలకా. రాజేశ్ ఏడి? … మిరుదొడ్డిలనా. అరగంటనా. …

వదినా, అరగంట ఆగుతదా నీ కాలు? …

రెండు. …

పది నిమిషాలు? … రెండు. తిమ్మిరెక్కిందా? … జారుతుందా? … ఒక్కటి.

అన్నా, దర్వాజ పలగ్గొడుత అంటవేంది. నువ్వు ఒక్క దెబ్బ కొట్టంగనే ఆమె కాలు జారుతది. ముట్టకు అంటున్న కద. నీకు దండం పెడత, గోడకు ఆని నిలబడు. … ఏడువకు. ఆలోచించనియ్యి నన్ను.

…ఆలోచించనియ్యి.

వదినా, మా అవ్వ ఒకటి చేసేది. కాలుకు చీమ కుడితే, నేత ఆగకుంట కాలు తీసుకునేది. ఎట్ల తీసేది… చేతులతోని. ఔ, చేతులతోనే. నీ ముంగట పోగులను దించి లేపే చట్రాలు రెండున్నయి కద. ఎడమ చెక్క ఒకదానికి కట్టి ఉన్నది. చెక్క తొక్కితే ఆ చట్రం దిగుతది. మరి నువ్వు ఆ చట్రాన్నే చేతులతోని కిందికి వత్తి పట్టుకుంటే? కాలు తీసినా ఎడమ చెక్క లేవది. అది లేవకుంటే కుడి చెక్క దిగది. … ఔనా కాదా? నువ్వు నేసేదానివి, నేను మర్చిపోయినదాన్ని. సరింగ ఆలోచించి కొట్టు. …

ఒక్కటి.

పోగులు తెగుతయా? … తెగనీ. చీర పోతే పోనీ. నువ్వు అట్ల చూడకు దాన్ని, నాకు తెలుసు చూస్తున్నవని.

రెండు చేతులు చట్రం మీద పెట్టు. ఇగ గోరు కొట్టలేవు, నాకేం తెల్వది, నేను మాట్లాడుత, నువ్వు చేసుకుంట పో. వత్తు. మెల్లగ. ఇంకా వత్తు. … చెక్క నీ కాలుకింద వదులైందా, నీ పాదానికి తెలుస్తది. తెలిసినంకనే కాలు. …

ముందుగాల కుడికాలు. పైకి లేసిన చెక్క మీది కాలు, దాని కిందనే పాము. గుంజకు. నీళ్లలకెల్లి కుండ తీసినట్టు తియ్యి. మడిచి నువ్వు కూసున్న పలక మీద పెట్టుకో. …

…

ఇప్పుడు ఎడమది. తిమ్మిరి ఉన్నది, నీ మాట వినది. నిమ్మళంగ. చేతులు వదలకు. చేతులు వదలకు వదినా. …

…

వదినా?

…

కృపా, ఏం వినవస్తలేదు. … నువ్వు ఉండు జర, ఏడువకు.

…ఆ సప్పుడేంది. చెక్క పడ్డదా. వదినా. కాళ్లు బయట ఉన్నయా, ఉంటే వెనుకకు దొర్లు, దర్వాజ దిక్కు ఉరుకు, ఇప్పుడు ఉరుకు, ఇప్పుడు ఉరుకవచ్చు. …

…గొళ్లెం.

గొళ్లెం సప్పుడు కృపా. నీకు వినవడ్డదా? …

అన్నా. అన్నా, ఉన్నవా? … బయటికి వచ్చిందా. … రూం తలుపు గుంజి పెట్టు, కింద గుడ్డ కుక్కు, రాజేశ్ వచ్చేదాంక ఎవ్వరినీ పోనియ్యకు. తర్వాత ఏడుద్దువు. ముందు ఆమెను ఎండల కూసోవెట్టి కాళ్లు చూడు. … కుడికాలు. వేళ్ల నడుమ చూసినవా. మడిమె వెనుక. … లేదు. ఎడమ. … గీత ఉన్నదా. ఎసుంటి గీత? రెండు చుక్కలా? … ఒక్కటే గీత, పొడుగు. చెక్క అంచు వత్తుకున్నది, అట్లనే ఉంటది. కడిగి చూడు. … చుక్కలు లేవు. ఒట్టు వెయ్యి. … ఇంకోసారి చూడు, నాకోసం చూడు. …

లేవు.

సరె.

అయినా అంబులెన్సుల పోయి చూపియ్యి. ఆమె వద్దన్నా తీస్కపో…

వద్దు, ఫోన్ ఆమెకియ్యకు. … నన్నే అడుగుతుందా. లేదన్నా, ఇప్పుడు వద్దు. ఇంతసేపు ఆమె ముంగట గట్టిగ మాట్లాడిన. ఇప్పుడు గొంతు విన్నదంటే నా సంగతి తెలుస్తది. … ఏం లేదు, మంచిగనే ఉన్న. సాయంత్రం బస్సుకు వస్త అని చెప్పు. … వస్త అన్న కద. పో, ఆమె తాన కూసో.

కృపా, రెండు ఫోన్లు నువ్వే కట్ చెయ్యి.