సునంద ఇచ్చేసిన ఆదివారాలు

"అమ్మమ్మా, సునంద ఆంటీ ఉద్యోగం ఎందుకు మానేశారు?"

చెప్తా విను. ఆ రోజు పొద్దున ఏడూ నలభై. డ్యూటీ రిజిస్టర్లో గీతలు కొడుతున్నాను. బందరు ఆసుపత్రిలో హెడ్ నర్సుని కదా అప్పుడు. సునంద వచ్చి "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. ఎడమ బుగ్గ వాచిపోయి ఉంది.

ముందురోజు మధ్యాహ్నం క్యాజువాలిటీకి పురుగుల మందు తాగినాయన్ని తెచ్చారులే, కోడూరు అవతల నుంచి. బతకలేదు. ఆయన తమ్ముడు చేతికందిన మనిషిని కొట్టాడు. డాక్టరు గారు గదిలో ఉన్నారు. అందింది సునంద.

సాయంత్రానికి రాజీ చేశాం. చేశాం అంటున్నా గానీ, చేసింది నేనే. అతను ఏడుస్తూ సునంద చేతులు పట్టుకున్నాడు. టీ తెప్పించాను. ఫిర్యాదు లేదని సంతకం పెట్టింది. పాపం చావు ఇంట కేసులెందుకు అనుకున్నాం. మర్నాడు సెలవైనా అడక్కుండా వచ్చిందని అందరి ముందూ మెచ్చుకున్నాను, "అదీ నర్సంటే" అని.

ఆ తర్వాత ఏంటంటే, క్యాజువాలిటీ డ్యూటీ పడితే చాలు ఎవరితోనో మార్చుకునేది. ఊరికే ఎవరు మారతారు? బదులు తన ఆదివారం ఇచ్చేది. చర్చి మానని మనిషమ్మా! క్రిస్మస్ కూడా ఇచ్చేసింది, కరుణకి. కాదు, రోజీకి. "సునందక్కా, నువ్వే మా క్రిస్మస్ తాతవి" అని నవ్వేది రోజీ. ఆ మార్పిడి కాగితాలన్నిటి మీదా సంతకం నాదే. ఎంత మంచి పిల్లో అనుకునేదాన్ని, చూశావా.

ఇంచుమించు ఏడాది. ఓ రోజు మారడానికి ఎవరూ దొరకలేదు. యాక్సిడెంట్ కేసు వచ్చింది, వెనకాలే పదిమంది తోసుకొచ్చారు. చూస్తే సునంద లేదు. దుప్పట్ల గదిలో లోపల గడియ పెట్టుకుని కూర్చుంది.

"ఇంత సర్వీసు పెట్టుకుని సిగ్గులేదూ?" అన్నాను తలుపు బాదుతూ.

"చేతులు ఆడట్లేదు మేడమ్" అంది లోపల్నుంచి.

మెమో ఇచ్చాను. మర్నాటి నుంచి రాలేదు.

నాలుగు రోజులకి వాళ్లాయన ఘంటసాల నుంచి వచ్చాడు, రాజీనామా కాగితం పట్టుకుని. రైస్ మిల్లులో పని, నెమ్మదస్తుడు. నిద్రపోవట్లేదండీ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతోంది, ఎందుకో చెప్పదు అన్నాడు.

"ఆ రోజు కొట్టినప్పుడే సెలవిచ్చి ఇంటికి పంపాల్సిందండీ, తప్పు నాదే" అన్నాను.



"కొట్టారా? ఎవరండీ?" అన్నాడు. "పన్ను పీకించుకున్నానని చెప్పింది మాకు."