ఒక్క లైటే మెరిసింది

హలో… నేనే అక్కా, తమ్ముణ్ణి. స్పీకర్లో ఉంటే తీసెయ్… చెవికి పెట్టుకో.

అమ్మ కళ్లు తెరిచిందా?… సాయంత్రానికి మాట్లాడొచ్చు అన్నాడా డాక్టరు?… నువ్వు వరండాలోకి రా. సిగ్నల్ లేదని చెప్పి రా…

వచ్చావా? విను. అమ్మని గుద్దేసి పారిపోయిన కారు మా షాపులో ఉంది.

ష్… అరవకు!

పొద్దున పాలిష్‌కి వచ్చింది. బంపర్ నిండా గీతలు, మసకబారిన లైటు. తడి గరుకు కాగితంతో బంపర్ రుద్దుతుంటే నీళ్లు ఆకుపచ్చగా దిగాయి. కారేమో తెల్లది!

…ఆకుపచ్చ బళ్లు లక్ష ఉంటాయి, నిజమే. ఇది అమ్మ సైకిలుది. డబ్బాల అడుగున మిగిలిన మూడు రంగులు కలిపి నేనే కొట్టాను కదా. బచ్చలాకు బండి అని నువ్వే వెక్కిరించావు…

లేదు, ఇంక చెయ్యి పెట్టలేదు. ఇంకాస్త రుద్దితే సాక్ష్యమంతా కాలవపాలు. పోలీసులకి చెప్పాను, వస్తున్నారు…

అదే చెప్తున్నా. కారు అద్దె బళ్ల కంపెనీది. అద్దెకి తీసుకుని నడిపింది ఎవరో… నాకు తెలుసు.

ఆగు, చెప్పనీ. ఒక లైటు మసకబారి పసుపెక్కి ఉంది, రెండోది మెరుస్తోంది. మా పనివాళ్లెవరూ ఒక్కటే చెయ్యరు, ఎప్పుడూ జతగానే చేస్తాం. అంచు సందులో తెల్లగా ఏదో ఎండిపోయి ఉంటే వాసన చూశాను… పళ్లు తోముకునే పేస్టు!

గీత కనపడకూడదని ఎవరో ఇంట్లో రుద్దారు. ఆ చిట్కా నేను ఒక్కచోటే చెప్పాను. పోయిన నెల, మీ ఇంట్లో, భోజనాల దగ్గర…

"కారుకి కూడా పళ్లు తోముతార్రా?" అని నువ్వు పడీ పడీ నవ్వావు… అప్పుడు నీ పక్కన కూర్చున్నదెవరు?



ఉండు. నువ్వు వరండాలో ఉంటే అమ్మ దగ్గర ఎవరున్నారు? వెళ్లి చూడు!

…

లోపల గడియ పెట్టాడా? నువ్వు బయటికి రాగానే?

తలుపు బాదు! నర్సుని పిలు, పరిగెత్తు!… ఏడుపు తర్వాత, ముందు కేకలెయ్యి! అందరికీ వినపడాలి—

అవునక్కా, బావే! అమ్మని గుద్దింది బావే!… అక్కా? తలుపు తీశారా?… హలో—